దోమల ఎరలు, బోనులు: గొలుగొండ కొండదిగువన ఏది ఏమి చెబుతుంది

తూర్పు కనుమల అడుగున, మైదానం ముగిసి మన్యం మొదలయ్యే చోట గొలుగొండ ఉంది. నర్సీపట్నం వైపు వరి, చెరకు, జీడిమామిడి తోటలు. కొయ్యూరు, చింతపల్లి వైపు అడవి, పోడు, కొండవాలున దిగే గెడ్డలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఈ మండలం అనకాపల్లి జిల్లాకు వచ్చింది. దాన్ని ఆనుకున్న కొండలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. సీతారామరాజు సమాధి మాత్రం ఈ మండలంలోని కృష్ణదేవిపేటలోనే ఉంది. ఆయన కాలానికి ముందు నుంచీ మైదానపు ఉద్యోగులు గూడెం కొండలెక్కడానికి జంకింది మన్యం జ్వరానికి. ఆ జ్వరాన్నీ, దానికి తోడైన మరికొన్ని రోగాలనూ మోసే దోమలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఏ నెలలో పెరుగుతున్నాయో కనిపెట్టడానికి వాడే సాధనాలను పోల్చి చూడటం ఈ వ్యాసం పని. ఇలాంటి పోలికలు తరచుగా ఏ సాధనంలో ఎక్కువ దోమలు పడ్డాయో చెప్పి ఆగిపోతాయి. ఎక్కువ పడటం ఒక గుణమే గాని, ముఖ్యమైన గుణం అది కాదు. ప్రతి సాధనమూ దోమను దాని బతుకులో ఒకానొక ఘడియలోనే కలుసుకుంటుంది: ఆకలితో మనిషిని వెతికేటప్పుడో, రక్తం తాగి గోడన వాలినప్పుడో, గుడ్లు పెట్టడానికి నీటిచోటు చూసుకునేటప్పుడో. మనకు కావలసిన సమాధానం ఏ ఘడియలో దొరుకుతుందో తేల్చుకోకుండా సాధనాన్ని ఎంచుకుంటే అంకెలు వస్తాయి, అర్థం రాదు. కొండా మైదానమూ కలిసే గొలుగొండ వంటి చోట ఒకే సాధనంతో సరిపెట్టుకోవడం మరీ ప్రమాదం.

తెలుగు రైతుకు ఈ ఆలోచన కొత్త కాదు. వరిచేలో దీపపు ఎర, పత్తిచేలో లింగాకర్షక బుట్ట పెట్టేది ముఖ్యంగా పురుగు ఉధృతి తెలుసుకోవడానికి. బుట్టలో పడిన రెక్కల పురుగులను లెక్కపెట్టి, మందు ఎప్పుడు కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో తేల్చుకుంటారు. దోమల నిఘాలో వాడే ఎరలూ అంతే. పదో పరకో దోమలను పట్టినంత మాత్రాన ఊళ్లో దోమలు తగ్గవు. మార్కెట్లో దోమలను చంపుతుందని అమ్మే దీపం పెట్టెకూ, కీటకశాస్త్రజ్ఞులు రాత్రంతా వేలాడదీసే దీపపు ఎరకూ పోలిక పైపైనే. రెండోది కొలపాత్ర. కొలపాత్రకు ఉండవలసిన మొదటి లక్షణం రోజూ ఒకే కొలత కొలవడం.

ఈ ప్రాంతంలో ఏ దోమలను కొలవాలో ముందు చూడాలి. మలేరియాకు ఇక్కడ రెండు అనాఫిలిస్ జాతులు ముఖ్యం. క్యూలిసిఫేసిస్ మైదానంలోనూ కొండదిగువనా బతుకుతుంది. గుంటల్లో, కాలువల్లో, వరిమడుల్లో, ఇసుకలో నిలిచిన నీటిలో పెరుగుతుంది, వానాకాలంలో ఉధృతమవుతుంది, మనిషి కన్నా పశువును ఎక్కువ ఇష్టపడుతుంది. ఫ్లూవియాటిలిస్ కొండదోమ. తేటగా, మెల్లగా పారే గెడ్డల అంచున, గడ్డి నీడలో పెరుగుతుంది. వానలు జోరుగా ఉన్నప్పుడు దాని పిల్లపురుగులు వరదకు కొట్టుకుపోతాయి. వర్షాలు వెనకబట్టి నీరు తేరాక, అంటే శీతకాలంలో దాని సంఖ్య పెరుగుతుంది. పాత మద్రాసు రాజధానిలో భాగమైన జయపురం కొండల మలేరియా మీద 1914లోనే పెర్రీ అనే వైద్యుడు నివేదిక రాశారు. 1930లలో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా అధికారి సీనియర్ వైట్ ఆ కొండల్లో దోమలను పరిశీలించారు. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ కోరాపుట్‌లో క్షేత్ర కేంద్రం నడుపుతూ ఆ పనిని ముందుకు తీసుకెళ్లింది. అవి ఒడిశాకు చెందిన కొండలే అయినా మన మన్యం వాటికి కొనసాగింపే. ఇక డెంగీ, చికున్‌గున్యాలను మోసే ఈడిస్ ఈజిప్టి ఇంటి చుట్టూ సిమెంటు తొట్టెల్లో, డ్రమ్ముల్లో, పాత టైర్లలో పెరుగుతుంది. దాని దాయాది ఆల్బోపిక్టస్‌కు తోటలు, చెట్టు తొర్రలు, పారేసిన కొబ్బరి చిప్పలు చాలు. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ క్వింక్విఫాసియేటస్ మురికి కాలువది. మెదడువాపు తెచ్చే క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ వరిమడిది. పక్కనే నాతవరం మండలంలో తాండవ జలాశయం, దాని కింద వరి ఆయకట్టు ఉన్నాయి గనక దాన్ని కూడా మరచిపోవడానికి లేదు. ఇన్ని అలవాట్ల దోమలను ఒకే ఎరతో పట్టాలనుకోవడం ఒకే గాలంతో కొర్రమీనునూ రొయ్యనూ పట్టాలనుకోవడమే.

అన్నిటికన్నా పాత ఎర మనిషి. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ చేసిన పని ప్రపంచానికి తెలుసు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, పెంచిన దోమలను లోపలికి వదిలి, కుట్టిన ఒక్కో దోమకూ ఒక అణా ఇచ్చారు. ఆ నెల 20న మచ్చల రెక్కల దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. తర్వాతి కాలంలో ఈ పద్ధతి వేరే రూపం తీసుకుంది: సాయంత్రం నుంచి తెల్లవారేదాకా ఒక మనిషి మోకాళ్ల కింద బట్ట లేకుండా కూర్చుని, కాళ్ల మీద వాలిన ప్రతి దోమనూ కుట్టకముందే గొట్టంతో పట్టడం. మనిషిని ఏ దోమ, ఏ గంటలో, ఇంట్లోనా బయటా కుడుతుందో నేరుగా చెప్పేది ఇదొక్కటే. అందుకే ఇతర సాధనాలన్నిటినీ దీనితో పోల్చి చూస్తారు. కానీ మన్యంలో ఈ పనికి కూర్చునేది కూలి అవసరమైన పేద యువకుడే. అతని కాళ్లను కొలబద్ద చేయవచ్చా అన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. దీనికి గట్టి జవాబు ఒకటుంది: పడమటి కెన్యాలో మలేరియా నివారణ మాత్రలు వేసుకుంటూ ఈ పని చేసినవారికి, పని చేయనివారికన్నా చాలా తక్కువగా మలేరియా వచ్చిందని 2013లో ప్రచురితమైన పరిశీలన చూపింది. ఆ సాక్ష్యం బలమైనదే. అయితే అది మలేరియాకే వర్తిస్తుంది. డెంగీకీ చికున్‌గున్యాకూ ముందుగా మింగే మాత్ర లేదు; ఒకే రాత్రిలో కాళ్ల మీద వాలేవి ఏ జాతి దోమలో ముందు తెలియదు. కాబట్టి ఈ పద్ధతిని పూర్తిగా మానాలనను గాని, కొత్త సాధనాన్ని సరిచూసుకోవడానికి ఎప్పుడో ఒకసారి, మాత్రలతో, వైద్య పర్యవేక్షణతో, అనాఫిలిస్ కోసం మాత్రమే వాడాలి. నెలనెలా నిఘాకు ఇది తగదు.

మన దేశంలో నెలనెలా జరిగేది చేతిపట్టు. ఉదయం వేళ ఇళ్లలోనూ పశువుల పాకల్లోనూ టార్చిలైటు వేసి, గోడన, దూలాన, తడికన వాలిన దోమలను నోటితో పీల్చే గాజు గొట్టంలోకి లాగుతారు. దొరికిన సంఖ్యను మనుషుల సంఖ్యతోనూ, వెతికిన గంటలతోనూ భాగిస్తే మనిషి గంట సాంద్రత వస్తుంది. ఇద్దరు చెరో రెండు గంటలు వెతికి 36 దోమలను పడితే సాంద్రత 9. 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం నుంచి, 1958 నాటి నిర్మూలన కార్యక్రమం మీదుగా ఈనాటి వరకూ మలేరియా సిబ్బంది చేతిలో నిలిచిన సాధనం ఇదే. ఖర్చు దాదాపు లేదు, కరెంటు అక్కర్లేదు. దోమ రెక్క నలగకుండా బతికుండగా దొరుకుతుంది. చివరిది చిన్న లాభం కాదు. కడుపులోని రక్తం పశువుదా మనిషిదా అని పరీక్షించడానికీ, అండాశయం విప్పి ఆ దోమ ఇదివరకు గుడ్లు పెట్టిందా అని చూడటానికీ, మందుపూసిన కాగితం మీద ఉంచి ఆ మందుకు చస్తుందో లేదో తేల్చడానికీ అలాంటి దోమే కావాలి. ఫంకాతో లాగే ఎరలో నలిగి ఎండిన దోమ వీటిలో చాలావాటికి పనికిరాదు.

చేతిపట్టులో దాగిన లోపం మరోచోట ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి. అది లెక్కపెట్టేది గోడన వాలిన దోమలనే. మలేరియా నివారణకు మనం చేసే ప్రధాన పని ఆ గోడలకే మందు కొట్టడం. కొన్ని మందులు దోమను చంపడమే కాక విసుగెత్తించి బయటికి తరుముతాయి. అప్పుడు చేతిపట్టు సాంద్రత పడిపోతుంది. దోమలు చచ్చినా పడిపోతుంది, కుట్టిపోయి బయట పొదలో వాలినా పడిపోతుంది. ఒకే అంకెకు రెండు కథలు. పిచికారీ జరిగిన ఊళ్లో చేతిపట్టు తగ్గుదలను పిచికారీ విజయానికి రుజువుగా చూపడం, మార్కులు దిద్దే పని పరీక్ష రాసిన విద్యార్థికే ఇవ్వడం లాంటిది. మట్టి ఇళ్లలో ఇంకో చిక్కుంది. సంక్రాంతికి గోడలు అలికితే మందు పొర మట్టి కిందికి పోతుంది. అది కొండదోమ ఉధృతంగా ఉండే శీతకాలమే. అలికిన ఇంట్లో దోమ మళ్లీ నిశ్చింతగా వాలుతుంది, పక్క అలకని ఇంట్లో వాలదు. అందువల్ల సగటు అంకె గ్రామపు దోమల గురించి కన్నా గోడల స్థితి గురించి ఎక్కువ చెబుతుంది. దీనికి తోడు వెతికేవారి నేర్పు. అనుభవమున్న కీటక సేకర్త చీకటి మూలలో తడిక వెనక దోమను చూడగలడు, కొత్తవాడు చూడలేడు. మనిషి బదిలీ అయితే సాంద్రతే మారిపోతుంది. పశువుల పాకలో ఎక్కువ దొరకడం వల్ల పాకలనే వెతికే అలవాటు పెరిగితే, పశువును కుట్టే క్యూలిసిఫేసిస్ లెక్క ఉబ్బిపోయి, మనిషిని కుట్టేవాటి లెక్క దాని నీడలో పడుతుంది.

ఈ లోపాన్ని పూరించేది దీపపు ఎర. అమెరికాలో సూడియా, ఛాంబర్లిన్ 1962లో వర్ణించిన చిన్న నమూనా నేటికీ అన్ని దేశాల్లో వాడుకలో ఉంది: 6 వోల్టుల బ్యాటరీ, చిన్న బల్బు, దాని కింద ఫంకా, ఫంకా కింద వలసంచి. వెలుగుకు దగ్గరైన దోమను ఫంకా కిందికి లాగుతుంది. దీన్ని ఆరుబయట వేలాడదీస్తే వెన్నెల రాత్రి ఒకలా, అమావాస్య రాత్రి ఇంకోలా పనిచేస్తుంది. పక్కింటి వీధిదీపం కూడా లెక్కను చెడగొడుతుంది. అదే ఎరను ఇంట్లో, దోమతెరలో పడుకున్న మనిషి పక్కన వేలాడదీస్తే స్వభావమే మారిపోతుంది. అప్పుడు దోమను దూరం నుంచి రప్పించేది మనిషి ఊపిరీ ఒంటి వాసనా. తెర అడ్డం వచ్చి చుట్టూ తిరుగుతున్న దోమను వెలుగూ ఫంకా కలిసి పట్టుకుంటాయి. మనిషి ఎరే గాని కుట్టు లేదు. టాంజానియాలోని ముహేజా ప్రాంతంలో 1991లో ప్రచురితమైన పరిశీలనలో ఇలా పెట్టిన మూడు దీపపు ఎరలు కలిసి, ఇద్దరు మనుషుల కాళ్ల మీద పట్టినన్ని అనాఫిలిస్‌లను పట్టాయని తేలింది. అంతకుముందు దీపపు ఎరను శంకించినవారికి ఇది పెద్ద మేలుకొలుపు.

అయితే ఆ నిష్పత్తిని తెచ్చి గొలుగొండ రిజిస్టరులో వేసుకోవడానికి వీల్లేదు. ఆఫ్రికా మలేరియా దోమ గాంబియే మనిషిని వెతుక్కుంటూ ఇంట్లోకి వచ్చేది; మన క్యూలిసిఫేసిస్ పాక వైపు మొగ్గేది. పోడు కాలంలో పంట కావలికి మంచెల మీద, పోడు పాకల్లో పడుకునే కుటుంబాలను కుట్టే దోమ ఇంట్లోని ఎరకు ఎదురుపడదు. కాబట్టి ఎవరి నిష్పత్తి వారు కట్టుకోవాలి. అది కట్టే పద్ధతి కష్టమైనది కాదు, ఓపికతో చేయవలసినది. మూడు సాధనాలను మూడు ఇళ్లలో పెట్టి, ప్రతి రాత్రీ చోట్లు మార్చాలి. మూడు రాత్రుల్లో ప్రతి సాధనమూ ప్రతి ఇంట్లో ఒకసారి పనిచేస్తుంది. ఇలాంటి విడతలు అనేకం జరిపితే గెడ్డ పక్క ఇంటి ఎక్కువ, ఊరి నడుమ ఇంటి తక్కువ సాధనాల ఖాతాలో పడవు. ఒకసారికి తేల్చేయకుండా వానాకాలంలోనూ శీతకాలంలోనూ చేయాలి. ఎందుకంటే దోమలు దండిగా ఉన్నప్పుడు సరిగా కొలిచే సాధనం పలుచబడ్డప్పుడు సరిగా కొలుస్తుందని హామీ లేదు. సగటును నమ్మడంలోనూ జాగ్రత్త కావాలి. పది పాకల్లో తొమ్మిదింట్లో రెండేసి, పదో పాకలో 82 దొరికితే సగటు 10. కానీ పది దోమలున్న పాక ఊళ్లో ఒక్కటీ లేదు. దోమలు గుంపుకట్టే జీవులు గనక సగటు పక్కన ఎన్ని పాకల్లో అసలు దొరికాయన్న లెక్క కూడా ఉండాలి.

ఎరను బలపరచడానికి బొగ్గుపులుసు వాయువు వాడతారు. మనిషీ పశువూ వదిలే ఊపిరి గుర్తు అదే. విదేశాల్లో దీనికి పొడి మంచు వాడతారు. నర్సీపట్నం దాటాక అది దొరికే ప్రశ్నే లేదు. దానికి బదులు పంచదార నీటిలో ఈస్ట్ కలిపి పులియబెట్టి వాయువు రాబట్టే పద్ధతి వచ్చింది. కెన్యాలో పంచదార స్థానంలో చక్కెర మిల్లు మడ్డిని, అంటే మొలాసిస్‌ను, వాడి మలేరియా దోమలను రప్పించవచ్చని 2014లో ప్రచురించారు. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకూ, గోవాడ, ఏటికొప్పాక వంటి చక్కెర మిల్లులకూ పేరుపడిన ఈ సీమలో ఆ పరిశోధనను చదివితే ఆసక్తి కలగక మానదు: మిల్లు మడ్డి ఇక్కడి సరుకే. అయినా పులిసే వేగం రాత్రి చలిని బట్టి మారుతుంది. లంబసింగి వైపు చలిలో పొయ్యి పక్కన పెట్టిన సీసా ఒకలా, వాకిట్లో పెట్టిన సీసా ఇంకోలా వాయువు వదులుతాయి. ఎర బలం రాత్రికో తీరుగా మారితే కొలపాత్ర అడుగు పగిలినట్టే. దోమ ఉందా లేదా అని వెతికే సర్వేకు ఈ చిట్కా బాగుంటుంది. ఏడాది పొడవునా ఒకే కొలత కావలసిన చోట, మడ్డి పాళ్లూ ఈస్ట్ తూకమూ సీసా పెట్టే చోటూ కచ్చితంగా నిర్ణయించుకున్నాకే వాడాలి.

డెంగీ దోమ దగ్గరికి వస్తే ఇవన్నీ చేతులెత్తేస్తాయి. ఈజిప్టి పగటిపూట కుట్టేది. రాత్రి దీపానికి రాదు. బట్టల వెనక, మంచం కింద వాలే దాన్ని చేత్తో పట్టడం చాలా కష్టం. అందుకే మన రాష్ట్రంలో దాన్ని పిల్లపురుగుల ద్వారా లెక్కిస్తారు. ఫ్రైడే డ్రైడే పేరిట శుక్రవారం తొట్లు కడిగించేటప్పుడు ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు చూసేదీ వాటినే. వంద ఇళ్లు తిరిగి, పురుగులున్న పాత్రలు 20 కనబడితే బ్రెటో సూచిక 20. పురుగులున్న పాత్రను అక్కడికక్కడే ఒంపించవచ్చు గనక ఈ పద్ధతికి నివారణ విలువ కూడా ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ నిఘాగా దీనికి రెండు బలహీనతలు. పదిపన్నెండు పురుగులున్న కొబ్బరి చిప్పా, వేలున్న సిమెంటు తొట్టే లెక్కలో సమానం. పైగా తనిఖీ వస్తుందని తెలిసిన రోజు తొట్లన్నీ కడిగి ఉంటాయి. ఆ ఇంటివారు మంచిపనే చేశారు గాని, వారానికి ఒక్కనాటి పరిశుభ్రత ఏడాది సగటుగా రాతలోకి ఎక్కుతుంది.

గుడ్ల డబ్బా, అంటే ఓవిట్రాప్, ఈ రెండిటినీ తప్పించుకుంటుంది. నల్లరంగు డబ్బా, సగం నీళ్లు, లోపల గరుకు చెక్కముక్క లేదా గుడ్డపీలిక: అంతే సరంజామా. అమెరికాలో 1960ల మధ్యలో ఈడిస్ నిర్మూలన ప్రయత్నంలో ఫే, అతని సహచరులు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఈడిస్ తన గుడ్లను నీటిలో కాక, నీటి అంచుకు కాస్త పైన తడి గరుకు మీద అతికిస్తుంది. ఆ చెక్కముక్కను వారానికొకసారి తీసి గుడ్లు లెక్కపెడితే చాలు. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లు పోస్తే ఇంకా బాగా వస్తాయని 1991లో ప్యూర్టోరికోలో చూపారు. దోమలు చాలా పలుచగా ఉన్నప్పుడు కూడా ఇది కనిపెడుతుంది. కరెంటూ బ్యాటరీ ఏమీ అడగదు. దీనికి ఎదురయ్యే అభ్యంతరం న్యాయమైనదే: ఊరంతా నీళ్లు ఒంపమని చెబుతూ మనమే డబ్బాల్లో నీళ్లు పోసి పెడితే ఎలా? గుడ్డు దోమ కావడానికి మన ఎండల్లో వారం పది రోజులు పడుతుంది. వారం దాటకుండా నీళ్లు ఒంపి కొత్తవి పోసే క్రమశిక్షణ ఉంటేనే ఈ డబ్బా నిఘా సాధనం. లేకపోతే అదే దోమల తొట్టి. ఆ క్రమశిక్షణను హామీ ఇవ్వలేని చోట పెట్టకపోవడమే మంచిది. ఇంకో చిక్కు: ఈజిప్టి, ఆల్బోపిక్టస్ గుడ్లు కంటికి ఒకటే. జీడితోటల అంచున పెట్టిన డబ్బాలో ఆల్బోపిక్టస్ గుడ్లు నిండి, ఊరి నడుమ డెంగీ ముప్పు ఉందనిపించవచ్చు. కొన్నిటిని పొదిగించి పెద్ద దోమను చూసి జాతి తేల్చుకోవాలి. జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో తయారయ్యే బీజీ సెంటినెల్ ఎర చర్మపు వాసనలను పోలిన మందుతో పగటి ఈడిస్‌నే పడుతుంది, నగర పరిశోధనలకు అది చాలా మేలైనది. కానీ నిరంతరం కరెంటు, విదేశీ వాసన పొట్లం కావాలి. మండల స్థాయి నిఘా దాని మీద నిలవదు. సింగపూర్‌లో గృహసముదాయాల నిండా వేల గ్రావిట్రాప్‌లు పెట్టి, గుడ్లు పెట్టడానికి వచ్చిన ఈజిప్టినే జిగురుకు పట్టి లెక్కపెడుతున్నారు. అక్కడ కూడా ఎంచుకున్నది ఆకలి ఘడియను కాదు, గుడ్ల ఘడియనే.

క్యూలెక్స్ విషయంలో గుడ్ల ఘడియకు మరింత విలువ ఉంది. 1983లో రైటర్ వర్ణించిన ఎర, కంపుకొట్టే గడ్డినీళ్ల తొట్టి మీద ఫంకా బిగించి, గుడ్లు పెట్టవచ్చిన దోమను పైకి లాగుతుంది. గుడ్లతో వచ్చిన దోమ అప్పటికే ఒక్కసారైనా రక్తం తాగి ఉంటుంది గనక దాని ఒంట్లో బోదకాలు క్రిమి దొరికే అవకాశం, ఆకలితో వచ్చిన కన్నెదోమ కన్నా ఎక్కువ. కోస్తా జిల్లాల్లో సామూహికంగా బోదకాలు మాత్రలు మింగించడం ఆపాక రోగం తిరిగి వస్తోందేమో కనిపెట్టడానికి, వేలమందికి అర్ధరాత్రి రక్తపరీక్షలు చేసే బదులు ఇలాంటి దోమల గుంపులను పరీక్షించవచ్చు. మెదడువాపు దోమకు మాత్రం సాయంసంధ్య వేళ పశువుల పాకలో చేతిపట్టే సరైనది. 1999లో మన రాష్ట్రంలో మెదడువాపు ప్రబలినప్పటి చేదు జ్ఞాపకం వరి సీమలన్నిటికీ ఉంది.

ఇంత శ్రమ ఎందుకు, జ్వరం కేసులే లెక్కపెడితే చాలదా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. దేశంలో మలేరియా కేసులు 2015లో దాదాపు 11.7 లక్షలు, 2022 నాటికి రెండు లక్షల లోపుకు దిగాయి. 2030 నాటికి మలేరియాను లేకుండా చేయాలన్నది జాతీయ లక్ష్యం. రక్తపరీక్ష కిట్లు కొండమీద పల్లెల దాకా చేరాయి, ప్రతి కేసూ నమోదవుతోంది, దోమల వెనక పడటం పాత అలవాటే కదా అనేవారున్నారు. కానీ కేసు అన్నది వెనకబడి వచ్చే వార్త. దోమ కడుపులో ఫాల్సిపేరం అనే మలేరియా క్రిమి పక్వానికి రావడానికి మన వెచ్చదనంలో సుమారు పది పన్నెండు రోజులు, మనిషిలో జ్వరం బయటపడటానికి మరో పది పద్నాలుగు రోజులు. కేసు కనబడేసరికి దానికి కారణమైన పరిస్థితి నెలనాటిది. కేసులు సున్నాకు దగ్గరైనప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది: రోగం లేదంటే క్రిమి లేకనా, దోమ లేకనా అన్నది కేసుల పట్టిక చెప్పలేదు. క్రిమి లేకుండా దోమ ఉంటే, పనికోసం వేరే ప్రాంతం వెళ్లి క్రిమితో తిరిగొచ్చిన ఒక్క కూలీ చాలు, సంతకొచ్చిన ఒక్క మనిషి చాలు. కొండ, మైదానం రోజూ రాకపోకలు సాగించే గొలుగొండలో ఈ తేడా కాగితం మీది తేడా కాదు. కేసులు తగ్గేకొద్దీ దోమ లెక్క విలువ పెరుగుతుంది; తగ్గాయి గనక దాన్ని ఆపేయవచ్చనడం తలకిందుల వాదం.

ఎరలో పడ్డ దోమను చూసినంత మాత్రాన అది రోగం మోసేదో కాదో తెలియదన్న వాదనా ఉంది. నిజమే. క్యూలిసిఫేసిస్ అని మనం పిలిచేది ఎ, బి, సి, డి, ఇ అని ఐదు సోదర జాతుల కూటమి. బి మలేరియాను సరిగా మోయలేదు. ఫ్లూవియాటిలిస్‌లో ఎస్ జాతి మనిషిని వెతుక్కుంటుంది, టి జాతి పశువునే. పైకి చూస్తే తేడా తెలియదు, జన్యుపరీక్ష కావాలి. పాకలో వంద దొరికినా అవన్నీ టి జాతివైతే భయం లేదు; పడక పక్కన నాలుగే పడినా ఎస్ జాతివైతే జాగ్రత్తపడాలి. ఈ వాదన నిఘాను వదిలేయమని చెప్పదు. పట్టిన చోటు, పట్టిన పద్ధతి దోమతో పాటు రాసి భద్రపరచమని చెబుతుంది. పడక పక్క ఎరలో పడిన దోమ, పాకలో చేతికి దొరికిన దోమ ఒకే సీసాలో కలిసిపోతే ఏ ప్రయోగశాలా వాటిని మళ్లీ విడదీయలేదు.

దీన్నిబట్టి కొండదిగువ మండలానికి నా అంచనాలో తగిన అమరిక ఇది. మన్యం అంచు పల్లెల్లో అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, పడుకున్నవారి దోమతెరల పక్కన దీపపు ఎరలు. ఇంట్లో ఒకటి, పోడు పాకలో ఒకటి. మైదానపు ఊళ్లలో వానాకాలమంతా పాకల్లోనూ ఇళ్లలోనూ చేతిపట్టు, రెండిటి లెక్క వేరువేరుగా, పిచికారీ తేదీ, గోడలు అలికిన తేదీ పక్కనే రాసి. నీళ్లు నిల్వచేసుకునే వీధుల్లో ఏడాది పొడవునా గుడ్ల డబ్బాలు, వారం తప్పకుండా. ఇళ్లు మారకూడదు, సంఖ్య మారకూడదు, ఎర తీరు మారకూడదు. మార్చక తప్పకపోతే పాతదీ కొత్తదీ కొన్ని నెలలు పక్కపక్కన నడిపి నిష్పత్తి కట్టుకోవాలి. రెండు జిల్లాల సరిహద్దుకు అటూ ఇటూ ఒకే తీరు ఉండాలి, లేకపోతే గెడ్డకు ఈ ఒడ్డున కనబడిన పెరుగుదల ఆ ఒడ్డు రిజిస్టరులో కనబడదు. సంచిలో ఒక్క దోమా పడని రాత్రులూ ఉంటాయి. అలాంటి రాత్రి సున్నా అని రాసి, తెల్లవారి చూసేసరికి బల్బు వెలుగుతోందో లేదో, ఫంకా తిరుగుతోందో లేదో దాని పక్కనే రాయాలి. బ్యాటరీ అయిపోయిన రాత్రి సున్నా, దోమ లేని రాత్రి సున్నా రిజిస్టరులో ఒకేలా కనబడితే, రెండేళ్ల తర్వాత వాటిని తిరగేసే మనిషికి ఆ పేజీ ఎందుకూ పనికిరాదు.